పోలీస్ సర్టిఫికెట్ ఉంటే పిల్లలు సేఫేనా? యూనివర్సిటీల్లో బ్యాక్‌గ్రౌండ్ చెక్: అమెరికా నేర్పిన పాఠం, మన చట్టంలో ఉన్న ఖాళీ

యూనివర్సిటీ అనగానే అది పెద్దవాళ్లు చదివే చోటు అనుకుంటాం. కానీ క్యాంపస్‌లో మైనర్లు కూడా చాలామందే ఉంటారు. క్యాంపస్ స్కూల్లో చదివే పిల్లలు, సమ్మర్ క్యాంపులకు వచ్చేవాళ్లు, స్పోర్ట్స్ కోచింగ్‌కు వచ్చేవాళ్లు, పదో తరగతి అయిపోగానే పాలిటెక్నిక్‌లో చేరినవాళ్లు అందరూ అక్కడే కనిపిస్తారు. మరోవైపు యూనివర్సిటీ విద్యార్థులు బయటి స్కూళ్లకు వెళ్తారు. బీఎడ్ వాళ్లు పాఠాలు చెప్తారు, నర్సింగ్ వాళ్లు పిల్లల వార్డుల్లో డ్యూటీ చేస్తారు, ఎన్ఎస్ఎస్ వాలంటీర్లు బస్తీల్లో క్యాంపులు పెడతారు. వీళ్లందరి గత చరిత్రను ఎవరు చూస్తున్నారు? ఎప్పుడు చూస్తున్నారు? చూశాక ఏం చేస్తున్నారు? ఈ ప్రశ్నలకు అమెరికాలో ఒక రాష్ట్రం చాలా భారీ మూల్యం చెల్లించి జవాబు వెతుక్కుంది. మన దగ్గర చట్టం ఉంది, కానీ సగం దూరమే వచ్చి ఆగింది.

పెన్సిల్వేనియాలో ఏం జరిగింది?

అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు దేశమంతా పేరుంది. ఆ జట్టులో ఏళ్లపాటు అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసిన జెర్రీ శాండస్కీ 1977లో పేద పిల్లల కోసం 'సెకండ్ మైల్' అనే సేవా సంస్థ పెట్టాడు. ఊళ్లో అతన్ని అందరూ మంచివాడనే అనుకున్నారు. 1999లో రిటైరయ్యాక కూడా యూనివర్సిటీ జిమ్‌లు, లాకర్ రూములు వాడుకునే అవకాశం అతనికి అలాగే ఉంది. 2011 నవంబర్‌లో పిల్లలపై లైంగిక దాడుల కేసులో అరెస్టయ్యాడు. 2012 జూన్‌లో పది మంది బాలురకు సంబంధించి 45 నేరాలు రుజువయ్యాయి. అదే ఏడాది అక్టోబర్‌లో కోర్టు 30 నుంచి 60 ఏళ్ల జైలు శిక్ష వేసింది.

ఈ కేసులో అసలు గమనించాల్సింది ముందు జరిగిన సంగతులు. 1998లోనే ఒక తల్లి ఫిర్యాదు చేసింది. యూనివర్సిటీ పోలీసులు విచారించారు, కానీ కేసు పెట్టలేదు. 2001లో జట్టులో పనిచేసే ఒక గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ లాకర్ రూమ్‌లో తన కళ్లతో చూసి హెడ్ కోచ్‌కు చెప్పాడు. హెడ్ కోచ్ తన పై అధికారులకు చెప్పాడు. వాళ్లు ప్రెసిడెంట్‌తో మాట్లాడుకున్నారు. బయటి పోలీసులకు గానీ, పిల్లల సంరక్షణ శాఖకు గానీ ఎవ్వరూ ఫోన్ చేయలేదు. యూనివర్సిటీ నియమించిన లూయీ ఫ్రీ కమిటీ 2012 జులైలో ఇచ్చిన రిపోర్టు ఈ మౌనాన్నే ప్రధానంగా తప్పుపట్టింది. తర్వాత ఇద్దరు అధికారులు కోర్టులో నేరం ఒప్పుకున్నారు. మాజీ ప్రెసిడెంట్‌కూ శిక్ష పడింది. బాధితులకు యూనివర్సిటీ చెల్లించిన పరిహారం పది కోట్ల డాలర్లు దాటింది. క్రీడా సంఘం వేసిన ఆరు కోట్ల డాలర్ల జరిమానా దీనికి అదనం.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. 2001లో శాండస్కీకి పోలీస్ వెరిఫికేషన్ చేయించి ఉంటే ఏం తేలేది? ఏమీ తేలేది కాదు. అతని మీద కేసు లేదు, శిక్ష లేదు. సర్టిఫికెట్ తెల్లగా వచ్చేది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ గురించి మాట్లాడే ప్రతిఒక్కరూ ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇదే. దొరికిపోయినవాడిని మాత్రమే చెక్ పట్టుకుంటుంది.

చట్టం ఎలా మారింది?

ఆ కేసు తర్వాత పెన్సిల్వేనియా పిల్లల రక్షణ చట్టాలను ఒకదాని తర్వాత ఒకటి మార్చింది. 2014 చివరి నుంచి పిల్లలతో పనిచేసే ఉద్యోగులకు మూడు క్లియరెన్సులు తప్పనిసరి అయ్యాయి. ఒకటి, రాష్ట్ర పోలీసుల దగ్గర క్రిమినల్ రికార్డు. రెండు, పిల్లలపై వేధింపుల ఫిర్యాదులు నమోదయ్యే రాష్ట్ర శాఖ ఇచ్చే సర్టిఫికెట్. మూడు, వేలిముద్రలతో ఎఫ్‌బీఐ చెక్. యూనివర్సిటీ స్టాఫ్ అయినా, క్యాంపులో పనిచేసే విద్యార్థి అయినా, ఆదివారం మసీదులోనో చర్చిలోనో పిల్లలకు చదువు చెప్పే వాలంటీర్ అయినా ఈ చట్టం కిందికే వస్తారు.

ఇందులో రెండో సర్టిఫికెట్‌కు ప్రత్యేకత ఉంది. కోర్టులో శిక్ష పడకపోయినా, సంరక్షణ శాఖ విచారణలో వేధింపు జరిగిందని తేలితే ఆ పేరు అందులో కనిపిస్తుంది. అంటే కేవలం పోలీస్ రికార్డు చాలదని ఆ రాష్ట్రం ఒప్పుకున్నట్టే.

మొదట్లో చట్టం మరీ బిగుసుకుపోయింది. డిగ్రీ ఫస్టియర్‌లో 17 ఏళ్ల పిల్లలు ఉంటారు కాబట్టి ప్రొఫెసర్లందరూ వేలిముద్రలు ఇవ్వాల్సిన పరిస్థితి వచ్చింది. 2015లో సవరణ చేసి, అడ్మిషన్ తీసుకున్న విద్యార్థులకు మామూలుగా పాఠం చెప్పేవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. క్లియరెన్సులను ప్రతి 60 నెలలకు కొత్తగా తీసుకోవాలన్నారు. వాలంటీర్లకు మొదటి రెండు సర్టిఫికెట్ల ఫీజు ఎత్తేశారు. పదేళ్లుగా అదే రాష్ట్రంలో ఉంటున్న వాలంటీర్‌కు ఎఫ్‌బీఐ చెక్ అక్కర్లేదన్నారు. మధ్యలో ఎవరైనా ఇలాంటి కేసులో అరెస్టయితే 72 గంటల్లో సంస్థకు రాతపూర్వకంగా చెప్పాలి.

అన్నిటికంటే పెద్ద మార్పు ఫిర్యాదు పద్ధతిలో వచ్చింది. ఇంతకుముందు సిబ్బంది పై అధికారికి చెప్తే తమ బాధ్యత తీరిపోయేది. ఇప్పుడు అనుమానం వచ్చిన వ్యక్తి ముందు నేరుగా రాష్ట్ర హాట్‌లైన్‌కు చెప్పాలి, ఆ తర్వాతే సంస్థ పెద్దకు తెలియజేయాలి. 2001లో ఆ లాకర్ రూమ్ విషయం ఎక్కడ ఆగిపోయిందో, సరిగ్గా అక్కడే చట్టం కత్తెర వేసింది.

అమెరికా వెళ్లే మన పిల్లలు తెలుసుకోవాల్సింది

హైదరాబాద్, కర్నూలు, గుంటూరు నుంచి ఎంఎస్ కోసం వెళ్లిన పిల్లలు క్యాంపస్ జాబుల కోసం చూస్తారు. యూనివర్సిటీ డేకేర్, సమ్మర్ క్యాంప్, స్కూల్ పిల్లలకు ట్యూటరింగ్ లాంటివి దొరుకుతుంటాయి. వీకెండ్‌లో ఇస్లామిక్ సెంటర్‌లో చిన్నపిల్లలకు నాజ్రా చెప్పేవాళ్లూ ఉంటారు. పెన్సిల్వేనియాలో అయితే కొత్తగా వెళ్లినవాళ్లకు పదేళ్ల నివాసం ఉండదు కాబట్టి, వాలంటీర్ అయినా వేలిముద్రలు ఇవ్వాల్సిందే. మిగతా రాష్ట్రాల్లో రూల్స్ వేరుగా ఉంటాయి కాబట్టి పని మొదలుపెట్టేముందే యూనివర్సిటీ హెచ్ఆర్‌ను అడగడం మంచిది. వేలిముద్రలు అడిగారని భయపడాల్సిన పనిలేదు, అవమానంగా తీసుకోవాల్సిన పనీ లేదు. అక్కడ పుట్టినవాళ్లూ ఇస్తున్నారు.

బ్రిటన్‌లో పద్ధతి వేరు. 2002లో సోహమ్ అనే ఊళ్లో ఇద్దరు పదేళ్ల బాలికలను స్కూల్ కేర్‌టేకర్ చంపేశాడు. అతని మీద వేరే జిల్లా పోలీసులకు అంతకుముందు ఫిర్యాదులు వెళ్లినా, ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఆ సమాచారం అందలేదు. విచారణ తర్వాత 2006లో కొత్త చట్టం వచ్చింది. 2012 చివర్లో డీబీఎస్ అనే సంస్థ ఏర్పడింది. టీచర్ ట్రైనింగ్, మెడిసిన్, నర్సింగ్, సోషల్ వర్క్ చదివే విద్యార్థులకు డీబీఎస్ చెక్ చేయిస్తారు. పిల్లలతో పనిచేయకూడని వాళ్ల నిషేధిత జాబితా ఒకటి ఉంటుంది. ఆ జాబితాలో పేరున్నవాళ్లు అలాంటి పని చేస్తే అదే ఒక నేరం.

అయితే ఒక దేశం చేసే చెక్‌లో ఇంకో దేశంలోని రికార్డు మామూలుగా కనబడదు. అందుకే విదేశీ విద్యార్థులను వాళ్ల దేశం నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తెమ్మంటారు. మనవాళ్లు పాస్‌పోర్ట్ సేవా ద్వారా ఇక్కడే తీసుకోవచ్చు, అక్కడికి వెళ్లాక అయితే భారత రాయబార కార్యాలయం ద్వారా తీసుకోవాలి. వెళ్లేముందే చేతిలో ఉంచుకుంటే కోర్సు మధ్యలో పరుగులు పెట్టే పని తప్పుతుంది.

మన చట్టం ఏం చెప్తోంది?

మన దగ్గర 2012 నవంబర్ 14న పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. 18 ఏళ్లలోపు అందరూ దీని దృష్టిలో పిల్లలే. 2020 మార్చిలో వచ్చిన పోక్సో రూల్స్‌లో మూడో రూల్ స్పష్టంగా ఉంది. పిల్లలు ఉండే లేదా పిల్లలతో తరచూ సంబంధం ఉండే ప్రతి సంస్థ, అది స్కూల్ కానీ, క్రెష్ కానీ, స్పోర్ట్స్ అకాడమీ కానీ, తన సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించాలి. టీచింగ్, నాన్ టీచింగ్, రెగ్యులర్, కాంట్రాక్ట్ అనే తేడా లేదు. ఒక్కసారి చేయించి వదిలేయడం కాదు, నిర్ణీత కాలానికి ఒకసారి చేయించాలి. సిబ్బందికి ట్రైనింగ్ కూడా ఇవ్వాలి.

యూనివర్సిటీ అనే మాట అందులో లేదు. కానీ 'పిల్లలకు సంబంధించిన ఇతర ఏ సౌకర్యమైనా' అనే అర్థంలో రాశారు కాబట్టి క్యాంపస్ స్కూలు, పాలిటెక్నిక్, పిల్లల క్యాంపులు అందులోకి వస్తాయనే అర్థం చేసుకోవాలి. మన రాష్ట్రాల్లో ఇది చిన్న విషయం కాదు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ లాంటి ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి కాగానే పిల్లలు చేరి ఆరేళ్లు హాస్టల్‌లో ఉంటారు. అంటే మొదటి రెండేళ్లు దాదాపు అందరూ మైనర్లే. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ కింద పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు, మోడల్ స్కూళ్లు, టీచర్ ట్రైనింగ్ కాలేజీలు నడుస్తున్నాయి. మన ఇళ్ల నుంచే ఎందరో పిల్లలు ఈ రెండు చోట్లా చదువుతున్నారు. తెలంగాణలో 204 మైనారిటీ గురుకులాలు ఉన్నాయి. వార్డెన్, వంట మనిషి, వాచ్‌మన్ దగ్గర్నుంచి ఔట్‌సోర్సింగ్ సిబ్బంది దాకా పిల్లల మధ్య పనిచేస్తుంటారు.

ఖాళీ ఎక్కడుంది?

మొదటి ఖాళీ విద్యార్థుల విషయంలో. రూల్ 'సిబ్బంది', 'ఉద్యోగి' అంటోంది. బీఎడ్ విద్యార్థి ఏ స్కూల్‌కూ ఉద్యోగి కాదు. కానీ ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం రెండేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు స్కూల్లో గడపాలి. క్లాసులో ఒంటరిగా పిల్లల ముందు నిలబడతాడు. కాలేజీ అనేది 'స్కూల్ చూసుకుంటుంది' అని, స్కూల్ అనేది 'కాలేజీయే కదా పంపింది' అని. రెండు రికార్డుల్లోనూ ఆ వ్యక్తి గురించి ఏమీ ఉండదు. ఎన్ఎస్ఎస్ వాలంటీర్, ఇంటర్న్, సామాజిక సేవ పేరుతో వచ్చే పీజీ విద్యార్థి విషయంలోనూ ఇదే పరిస్థితి. అకౌంట్స్ భాషలో చెప్పాలంటే రెండు కంపెనీల మధ్య సరుకు ట్రాన్సిట్‌లో ఉంది, ఇద్దరి పుస్తకాల్లోనూ ఎంట్రీ లేదు. నష్టం జరిగితే ఎవరి ఖాతాలో వేయాలి?

రెండో ఖాళీ పిల్లలతో పనిలేని వాళ్లు. 2022 అక్టోబర్‌లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక స్కూల్లో నాలుగేళ్ల పాప మీద జరిగిన అఘాయిత్యం అందరికీ గుర్తుంది. నేరం చేసింది టీచర్ కాదు, ప్రిన్సిపాల్ కారు డ్రైవర్. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది. పిల్లలకు సంబంధించిన ఉద్యోగం కాదు కాబట్టి చెక్ అక్కర్లేదు అనుకునే చోటే ప్రమాదం దాగి ఉంటుంది. ఎవరి ఉద్యోగం ఏంటి అనేదాని కంటే, ఎవరు పిల్లల దగ్గరికి అడ్డూ అదుపూ లేకుండా వెళ్లగలరు అని చూడాలి.

మూడో ఖాళీ సమాచారం. లైంగిక నేరాల్లో శిక్షపడిన వాళ్ల జాతీయ డేటాబేస్‌ను కేంద్ర హోంశాఖ 2018 సెప్టెంబర్‌లో ప్రారంభించింది. నాలుగు లక్షలకు పైగా ఎంట్రీలతో మొదలైంది. కానీ అది పోలీసులు, దర్యాప్తు సంస్థలకు మాత్రమే అందుబాటులో ఉంటుంది. యూనివర్సిటీ రిజిస్ట్రార్ గానీ, స్కూల్ హెడ్‌మాస్టర్ గానీ దాన్ని చూడలేరు. పోలీసులను రాతపూర్వకంగా అడగడం ఒక్కటే దారి. అడగకపోతే ఎవరూ వచ్చి చెప్పరు.

పోలీస్ వెరిఫికేషన్ అంటే మనవాళ్లకు ఎందుకు భయం?

ఇక్కడ ఒక చేదు నిజం కూడా మాట్లాడుకోవాలి. ముస్లిం బస్తీల్లో 'పోలీస్ వెరిఫికేషన్' అనే మాట వింటేనే యువకుల గుండె జారుతుంది. 2007 మే 18న మక్కా మసీదు పేలుడు తర్వాత పాతబస్తీ నుంచి పట్టుకెళ్లిన యువకుల్లో ఎందరో నిర్దోషులుగా బయటికొచ్చారు. 2011-12లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాదాపు 70 మందికి పరిహారం, మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇవ్వాల్సి వచ్చింది. పరిహారాన్ని ఆ తర్వాత 2013లో హైకోర్టు కొట్టేసింది. నిర్దోషి అని తేలాక కూడా ఒక ప్రభుత్వ కాగితం చూపిస్తే తప్ప ఉద్యోగం దొరకని బతుకు ఎలా ఉంటుందో ఆ కుటుంబాలకు తెలుసు. అలాంటి చోట ప్రతి విద్యార్థికీ పోలీస్ చెక్ పెట్టండి అని అడిగితే, ఇంకో కొత్త వేధింపు మొదలవుతుందేమో అన్న అనుమానం తప్పు కాదు.

కానీ ఆ భయంతో చెక్కే వద్దంటే నష్టపోయేది మన పిల్లలే. కావాల్సింది హద్దులున్న చెక్. దీనికి బ్రిటన్ అనుభవం కొంత దారి చూపిస్తుంది. అక్కడ పాత, చిన్నచిన్న నేరాలను సర్టిఫికెట్‌లో చూపించకుండా వడపోసే పద్ధతి 2013లో వచ్చింది. కోర్టు తీర్పుల తర్వాత 2020లో దాన్ని ఇంకా సడలించారు. సర్టిఫికెట్ ముందు దరఖాస్తు చేసిన మనిషి చేతికే వస్తుంది. అందులో తప్పుంటే ప్రశ్నించే హక్కు ఉంది. మన దగ్గర కూడా అడిగేది పిల్లలపై నేరాలు, లైంగిక నేరాలు, హింసకు సంబంధించిన కేసులకే పరిమితం కావాలి. ధర్నాలో పెట్టిన కేసు, ట్రాఫిక్ గొడవ, కొట్టేసిన కేసు ఇందులోకి రాకూడదు. కాగితం ముందు ఆ వ్యక్తికి చూపించాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కేసు విచారణలో ఉంటే పిల్లలకు దూరంగా ఉండే వేరే పని ఇవ్వాలి, కానీ దోషి అని ముద్ర వేయకూడదు. చూసినవాళ్లు రహస్యంగా ఉంచాలి. ఇవన్నీ రాతలో ఉంటే అప్పుడు వెరిఫికేషన్ అనేది బెదిరింపు కాకుండా పద్ధతి అవుతుంది.

చెక్ తర్వాతే అసలు పని

ఎన్‌సీఆర్‌బీ ఏటా ఇచ్చే లెక్కలు చూస్తే, పిల్లలపై అత్యాచారానికి సంబంధించిన పోక్సో కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు ఆ పిల్లలకు ముందే తెలిసినవాళ్లు. బంధువు, పక్కింటివాడు, టీచర్, కుటుంబ స్నేహితుడు. వీళ్లలో ఎక్కువమందికి పోలీస్ రికార్డు ఉండకపోవచ్చు. కాబట్టి సర్టిఫికెట్ ఫైల్లో పెట్టుకుని నిశ్చింతగా ఉండటం కుదరదు.

బ్యాంకులో లాకర్ ఒక్క తాళంతో తెరుచుకోదు. ఒక తాళం బ్యాంకు దగ్గర, ఒకటి ఖాతాదారు దగ్గర ఉంటుంది. మేనేజర్ మీద అనుమానంతో ఈ పద్ధతి పెట్టలేదు. బంగారానికి అంత జాగ్రత్త తీసుకున్నప్పుడు పిల్లలకు ఎందుకు తీసుకోకూడదు? పెద్దవాళ్లు ఒంటరిగా పిల్లవాడితో మూసిన గదిలో ఉండకూడదు. తలుపు తెరిచే ఉండాలి లేదా అద్దం ఉండాలి. పిల్లలకు ప్రైవేటుగా వాట్సాప్ మెసేజ్‌లు పెట్టకూడదు, గ్రూప్‌లో ఇంట్లోవాళ్లు కూడా ఉండాలి. క్యాంపుకు, టూర్‌కు తీసుకెళ్తే కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలి. ఈ రూల్స్‌కు రూపాయి ఖర్చు లేదు, ఎవరి గతాన్నీ తవ్వాల్సిన పనీ లేదు.

ఇక ఫిర్యాదు. పోక్సో సెక్షన్ 19 ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం ఉన్నా పోలీసులకు గానీ ప్రత్యేక జువెనైల్ పోలీస్ యూనిట్‌కు గానీ చెప్పాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు. సంస్థ బాధ్యుడై ఉండి తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు, జరిమానా. 'ముందు మేనేజ్‌మెంట్‌తో మాట్లాడదాం', 'కమిటీలో పెట్టి తేలుద్దాం', 'పాప పేరు పోతుంది' అనే మాటలకు ఈ చట్టంలో చోటు లేదు. పాప పేరు బయటపెట్టడం సెక్షన్ 23 కింద నేరం కాబట్టి ఆ రక్షణ చట్టంలోనే ఉంది. కావాలని ఎవరినైనా ఇరికించడానికి తప్పుడు ఫిర్యాదు చేస్తే దానికీ శిక్ష ఉంది. పిల్లలు చేసిన ఫిర్యాదు తప్పని తేలినా వాళ్లకు మాత్రం శిక్ష ఉండదు. ఎవరికి చెప్పాలో తెలియకపోతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.

యూనివర్సిటీలు, మనం ఇప్పుడు చేయగలిగింది

యూనివర్సిటీలకు కొత్త చట్టం వచ్చేదాకా ఆగాల్సిన అవసరం లేదు. బీఎడ్ అడ్మిషన్ సమయంలోనే ఇంటర్న్‌షిప్‌కు ముందు వెరిఫికేషన్ ఉంటుందని ప్రాస్పెక్టస్‌లో రాయవచ్చు. కాలేజీ, స్కూల్ మధ్య జరిగే ఒప్పందంలో చెక్ ఎవరు చేయించాలి, ఫిర్యాదు వస్తే ఎవరు పోలీసులకు చెప్పాలి అనే రెండు లైన్లు పెట్టవచ్చు. ఫీజు విద్యార్థి నెత్తిన వేయకూడదు. స్కాలర్‌షిప్ మీద చదివే పిల్లలకు అది కూడా బరువే. సెక్యూరిటీ, క్యాంటీన్, హౌస్‌కీపింగ్ టెండర్లలో కూడా వెరిఫికేషన్ షరతు ఉండాలి.

తల్లిదండ్రులు అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు, హాస్టల్ భోజనం గురించి అడిగినట్టే మూడు ప్రశ్నలు అడగాలి. సిబ్బందికి చివరిసారి వెరిఫికేషన్ ఎప్పుడు చేయించారు? ట్రైనింగ్‌కు వచ్చే విద్యార్థులకూ చేయిస్తున్నారా? మా బాబో పాపో ఏదైనా చెప్పుకోవాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి? జవాబు చెప్పలేకపోతే ఆ సంస్థ ఇంకా ఆలోచించలేదని అర్థం.

ఇదే కొలత మన మక్తబ్‌లకు, మదర్సాలకు, సమ్మర్ దీనీ క్లాసులకు, ఇంటికొచ్చి ఖురాన్ చెప్పే ఉస్తాద్‌కు కూడా వర్తించాలి. డిగ్రీ చదివే కుర్రాళ్లు సెలవుల్లో పిల్లలకు చదువు చెప్పడం మంచి సంప్రదాయం, అది ఆగకూడదు. మసీదు కమిటీ సదర్ సాబ్ ఒక రిజిస్టర్ పెట్టి, చెప్పేవాళ్ల పేరు, ఊరు, ఇంతకుముందు ఎక్కడ చెప్పారు, అక్కడివాళ్లతో ఫోన్‌లో మాట్లాడారా అనే నాలుగు వివరాలు రాస్తే చాలు, మొదలుపెట్టినట్టే. మంచి ఉస్తాద్ దీనికి బాధపడడు. తన మీద రేపు ఎవరైనా లేనిపోని మాట అంటే, తలుపు తెరిచి పెట్టిన క్లాసు, రాసిపెట్టిన రిజిస్టర్ అతనికే సాక్ష్యం అవుతాయి.

పిల్లలు మన చేతిలో ఉన్న అమానత్ అని ప్రతి ఇంట్లో అంటాం. వచ్చే జూన్‌లో స్కూళ్లు, కాలేజీలు తెరిచేలోపు ఆ మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్లి అడిగితే, ఆ మాటకు కొంత పని తోడవుతుంది.